వీసా ఫైలు: కన్సల్టెన్సీకి ఒక స్టార్, జిరాక్స్ షాపుకు నాలుగున్నర

నాలుగు నెలలు అమెరికాలో పాఠాలు చెప్పి రావడానికి వీసా తీసుకున్నాను. ఆ పని మీద హన్మకొండలో ఒక పెద్ద కన్సల్టెన్సీకి, వడ్డేపల్లి చెరువు వైపు పోయే దారిలో ఉన్న ఒక చిన్న జిరాక్స్ షాపుకు, హైదరాబాద్‌లో వీసా సెంటర్‌కు తిరిగాను. మూడింటికీ విడివిడిగా రివ్యూలు రాద్దామనుకున్నా గానీ, ఒకదాని సంగతి చెప్పకుండా ఇంకోటి అర్థం కాదు. అందుకే అన్నీ ఒకేచోట రాస్తున్నా. కన్సల్టెన్సీ పేరు రాయను. ఊరు చిన్నది, అందులో పని చేసే పిల్లల్లో ఇద్దరు మా కాలేజీలో చదివినవాళ్లే.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. వయసు 46. కాకతీయుల కాలం చెరువుల మీద పీహెచ్‌డీ చేశాను. పాకాల, రామప్ప, లక్నవరం కట్టల మీద నడిచినంత నేను మా ఇంటి డాబా మీద నడవలేదని మా అత్తమ్మ అంటుంది. అమెరికా, మన ప్రభుత్వాలు కలిసి ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ గ్రాంటుకు అప్లై చేస్తే వచ్చింది. మిన్నెసోటా రాష్ట్రంలో ఒక యూనివర్సిటీలో జనవరి నుంచి ఒక కోర్సు చెప్పాలి. మన దగ్గర ఈ గ్రాంటు చూసే యూఎస్ఐఈఎఫ్ అనే సంస్థ 1950 నుంచి ఢిల్లీలో ఉంది. 2008 ఒప్పందం తర్వాత మన ప్రభుత్వం కూడా సమానంగా డబ్బు పెట్టడం మొదలుపెట్టింది, నెహ్రూ పేరు అప్పుడే కలిసింది. విమాన టికెట్టు, నెలనెలా ఖర్చు, ఆరోగ్య బీమా అన్నీ గ్రాంటువే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కన్సల్టెన్సీ దగ్గర పనికొస్తుంది.

మరి అన్నీ వాళ్లే చూస్తుంటే కన్సల్టెన్సీకి ఎందుకు పోయావంటే, భయం. మా ఇంటి చుట్టూ అమెరికా పోయిన పిల్లలున్న ఇళ్లు ఆరున్నాయి. ఆరిళ్లలోనూ ఒకటే మాట: "వీసా అంటే కన్సల్టెన్సీనే మేడం, సొంతంగా చేసుకుంటే రిజెక్ట్ అయితది." మా ఆయన కూడా "పోతే పోనీ ఓ పదివేలు, టెన్షన్ ఉండదు" అన్నాడు. టెన్షన్ లేకుండా ఉండటానికి కట్టిన డబ్బే నాకు రెండు వారాల టెన్షన్ తెచ్చింది.

ఆఫీసు బాగుంటుంది, అది ఒప్పుకోవాలి. ఏసీ, అద్దాల తలుపు, మూలకు థర్మకోల్‌తో చేసిన లిబర్టీ బొమ్మ, గోడ నిండా వీసా వచ్చిన పిల్లల ఫోటోలు. టై కట్టుకున్న అబ్బాయి నవ్వుతూ లేచి నిలబడి, "కూర్చోండి మేడం. బాబు కోసమా, పాప కోసమా?" అన్నాడు.

"నాకే" అన్నా.

అతనికి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. తర్వాత జీఆర్ఈ స్కోరు అడిగాడు. లేదన్నా. ఐ-20 వచ్చిందా అన్నాడు. అది చదువుకోవడానికి పోయే పిల్లలకు వచ్చే కాగితం. నాది జే-1 వీసా, అంటే ఇలా ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలో పోయేవాళ్లది, దానికి డీఎస్-2019 అనే ఫారం వస్తుంది, వచ్చింది కూడా. ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టాను. అతను దాన్ని తిప్పి చూసి, ఎంతో నెమ్మదిగా, నాకు బాధ కలగకుండా చెప్తున్నట్టు అన్నాడు: "మేడం, ఇది 2019 ది. ఇప్పుడు చెల్లదు. కొత్తది తెప్పించుకోండి."

నేను నవ్వలేదు. అప్పటికి నాకు కూడా గట్టిగా తెలియదు. ఇంటికొచ్చి, 2019 అనేది సంవత్సరం కాదు, ఆ ఫారం నంబరే అని చూసుకునేదాకా గుండె దడదడలాడుతూనే ఉంది.

ప్యాకేజీ 18 వేలన్నారు. 8 వేలు అడ్వాన్సు కట్టించుకున్నారు. రెండోసారి పోతే ఇంకో మేడం కూర్చుంది, సీనియర్ అట. బ్యాంకులో 40 లక్షలు చూపించాలి, సీఏ సర్టిఫికెట్ కావాలి, లేకపోతే "మా దగ్గర ఏర్పాట్లున్నాయి" అంది. ఏ ఏర్పాట్లో నేను అడగలేదు. డీఎస్-2019లో ఐదో గడిలో నాకు ఎవరు ఎన్ని డాలర్లు ఇస్తున్నారో అచ్చేసి ఉంది, చూపించాను. "అయినా సేఫ్ సైడ్ మేడం" అంది. పిల్లల తల్లిదండ్రులకు చెప్పే మాటలన్నీ వరసగా నాకు చెప్పింది. ఆమెదీ తప్పనను, ఆమె రోజూ చూసేది అవే ఫైళ్లు. అయితే తెలియని ఫైలు వచ్చినప్పుడు తెలియదని చెప్పడం కూడా ఒక సర్వీసే, దానికి నేను ఐదువందలు ఎక్కువే ఇచ్చేదాన్ని.

అసలు సంగతి ఫీజుల దగ్గర. సేవిస్ ఫీజు (చదువుకు, ఎక్స్ఛేంజ్‌కు పోయేవాళ్ల వివరాలు అమెరికా ప్రభుత్వం నమోదు చేసే వ్యవస్థకు కట్టేది) 220 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు, రెండూ కలిపి మా అకౌంట్‌కు కొట్టండి, మేం కట్టేస్తాం అన్నారు. అంటే మన డబ్బుల్లో 35 వేల పైమాటే. ఆ రాత్రి కొట్టేద్దామని ఫోన్ తీశాను కూడా. ఎందుకో ఒకసారి గ్రాంటువాళ్లు పంపిన ఈమెయిల్ మళ్లీ మొదటి నుంచి చదివాను. పరీక్ష పేపర్లు దిద్దే అలవాటు, రెండోసారి చదివితే గానీ నమ్మను. అందులో స్పష్టంగా ఉంది: మీ ప్రోగ్రాం నంబరు జీ-1తో మొదలవుతుంది, అమెరికా ప్రభుత్వం నడిపే ప్రోగ్రాం కాబట్టి సేవిస్ ఫీజూ లేదు, వీసా ఫీజూ లేదు. డీఎస్-2019లో రెండో గడి చూశాను. జీ, గీత, ఒకటి. అంతే.

పొద్దున్నే ఫోన్ చేసి చెప్తే ఆ అబ్బాయి, "మేడం, పే చేయకపోతే స్లాట్ రాదు, సిస్టం తీసుకోదు" అన్నాడు. ఫీజు లేనివాళ్లకు అపాయింట్‌మెంట్ తీసుకునే దారి వేరే ఉంది, అది కూడా అదే ఈమెయిల్‌లో ఉంది. వాళ్లు కావాలని మోసం చేశారని నేననను. కట్టాక అది ఎక్కడికి పోయేదో, వెనక్కి వచ్చేదో రాదో మాత్రం నాకు తెలియదు.

ఇక వాళ్లు నింపిన డీఎస్-160. ఇది వీసా దరఖాస్తు, ఆన్‌లైన్‌లో నింపాలి. డ్రాఫ్టు పంపమని పట్టుబడితే పంపారు. చదువుతుంటే వేరే ఎవరి జీవితమో చదువుతున్నట్టుంది.

వీసా రకం ఎఫ్-1 అని, అంటే చదువుకునే పిల్లలది పెట్టారు, అలవాటు కొద్దీ. పుట్టిన ఊరు పరకాల, రాష్ట్రం తెలంగాణ అని రాశారు. నా పాస్‌పోర్టులో పరకాల, ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. నేను పుట్టినప్పుడు అది ఆంధ్రప్రదేశే, పాత పుస్తకంలో ఉన్నదే రెన్యూవల్‌లో కూడా వచ్చింది. "తెలంగాణ వచ్చి పదేండ్లు దాటింది కదా మేడం" అన్నాడు. బిడ్డా, ఆ సంగతి నాకు చెప్తున్నావా! ఉద్యమంలో మేం తిరిగినప్పుడు నువ్వు బడికి కూడా పోలేదు. కానీ ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నదే ఉండాలి, నా మనసులో ఉన్నది కాదు. జిల్లా సంగతి ఇంకా తమాషా. మా ఇల్లు కదల్లేదు గానీ మేం మొదట వరంగల్ జిల్లా, 2016లో వరంగల్ అర్బన్, 2021లో హనుమకొండ. మూడు కాగితాల్లో మూడు పేర్లున్నాయి. అడ్రస్‌లో ఇప్పుడున్నదే రాస్తే చాలు.

ఇంకో ప్రశ్న ఉంటుంది ఆ ఫారంలో, మీరు ఏదైనా తెగకు చెందినవారా అని. ఇక్కడ కన్సల్టెన్సీవాళ్లు అవునని పెట్టి మా కులం పేరు టైపు చేశారు. చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. ములుగు, ఏటూరునాగారం వైపు కోయ పిల్లలకు పాఠం చెప్పినదాన్ని, తెగ అంటే ఏమిటో, కులం అంటే ఏమిటో ఆ పిల్లలకే చెప్పాను. ఇప్పుడు అమెరికా ఫారంలో మా కులం తెగ అయ్యింది.

చివరికి వచ్చింది రెండేళ్ల రూలు. ప్రభుత్వ డబ్బుతో జే-1 మీద పోయినవాళ్లు తిరిగొచ్చి సొంత దేశంలో రెండేళ్లు ఉండాలి, ఆ తర్వాతే అక్కడ గ్రీన్ కార్డుకో, ఉద్యోగం చేసుకునే హెచ్-1 వీసాకో అడగొచ్చు. దాన్ని 212(ఇ) అంటారు. సీనియర్ మేడం గొంతు తగ్గించి, "దాని గురించి వర్రీ కాకండి, తర్వాత వేవర్ చేయిద్దాం, మాకు మనుషులున్నారు" అంది. వేవర్ అంటే ఆ రూలు నుంచి మినహాయింపు. హన్మకొండలో రెండేళ్లు ఉండకుండా తప్పించుకోవడానికి నాకు మనుషులు కావాలట! ఇక్కడే 46 ఏళ్లు ఉన్నాను, ఎవరూ వేవర్ ఇవ్వలేదు.

అక్కడితో ఆపేశాను. అడ్వాన్సు అడిగితే ఆఫీసు ఖర్చులన్నారు. మూడుసార్లు తిరిగాక 3 వేలు ఫోన్‌పేలో వచ్చాయి. ఆ ఒక్క స్టార్ ఆ 3 వేలకే. ఒక మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. ఎఫ్-1 మీద పోయే పిల్లలకు వాళ్లు బాగానే చేస్తారని మా పక్కింటావిడ చెప్పింది, ఆవిడ కొడుకు వాళ్ల గోడ మీద ఫోటోలో ఉన్నాడు. నేను రాసేది గ్రాంటు మీద పోయేవాళ్ల కోసం.

ఇప్పుడు జిరాక్స్ షాపు. బోర్డు మీద పేరు వానకు కొట్టుకుపోయింది, అందుకని పేరు రాయలేను. వడ్డేపల్లి చెరువు వైపు పోతుంటే కుడి చేతికి, చెప్పులు కుట్టేచోటుకు పక్కన, మూడు మెట్లెక్కాలి. ఒకప్పుడు అది టైపు ఇన్‌స్టిట్యూట్. లోపల ఇప్పటికీ ఒక పాత టైపు మిషన్ బట్ట కప్పుకుని ఉంటుంది. నడిపే అన్నకు యాభై దాటాయి. డిగ్రీ కాలేజీల దోస్త్ అడ్మిషన్లు, ఎప్‌సెట్ ప్రవేశ పరీక్ష అప్లికేషన్లు, కరెంటు బిల్లులు, పెన్షన్ కాగితాలు, అన్నీ చేస్తాడు. అమెరికా వీసా ఎప్పుడూ చేయలేదు. ఆ సంగతి మొదటి మాటగా చెప్పాడు. "నాకు తెల్వదు మేడం. మీరు చదువుండ్రి, నేను కొడ్త. తెల్వనిది ఉంటే ఇద్దరం చూద్దాం."

నాలుగున్నర స్టార్లలో రెండు ఆ మాటకే ఇచ్చాను.

ముందు ఫోటో. ఇంతకుముందు ఒక స్టూడియోలో దిగిన ఫోటో తీసుకుపోయాను. అందులో నేను మా చెల్లెలి కూతురిలా ఉన్నాను. ముఖం తెల్లగా తోమేసి, ముక్కు పక్కన పుట్టుమచ్చ తీసేసి, వెనక నీలం రంగు పెట్టారు. వీసా ఫోటోకు అవేవీ పనికిరావు. తెల్ల వెనకతెర, 51 మిల్లీమీటర్ల చదరం, ఆరు నెలల లోపు తీసింది, మార్పులు చేయనిది, కళ్లద్దాలు లేనిది. కళ్లద్దాల రూలు 2016 నవంబరు నుంచి ఉంది. అన్న గోడకు తెల్ల ఫ్లెక్సీ వెనకవైపు తిప్పి కట్టాడు. కళ్లద్దాలు తీస్తే నాకు కెమెరా ఒక నల్ల చుక్క. "ఎటు చూడాలన్నా?" అంటే, "నా గొంతు వచ్చే దిక్కు చూడుండ్రి" అన్నాడు.

తీశాక స్టీలు స్కేలు తెచ్చి ప్రింటు మీద పెట్టి కొలిచాడు. గడ్డం నుంచి తల పైదాకా 25 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మొదటిది 37 వచ్చింది. కొప్పు ఎత్తుగా ఉందన్నాడు. కొప్పు విప్పి జడ వేసుకుని మళ్లీ కూర్చున్నా. 33. బొట్టు గురించి అడిగితే, "బొట్టు ఎప్పుడూ పెట్టుకునేదే కదా, అది మీ మొఖమే" అన్నాడు. ఉంచేశాం. ఫైలు సైజు 240 కేబీ దాటకూడదు, అది కూడా తగ్గించి ఇచ్చాడు. పుట్టుమచ్చ దాని చోట అది ఉంది.

డీఎస్-160 మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. తెరవగానే ఒక అప్లికేషన్ నంబరు ఇస్తుంది, దాన్ని వెంటనే రాసుకోవాలి. అన్న చేతికి అందిన కాగితం మీద రాశాడు, తీరా చూస్తే అది గోడ క్యాలెండర్ నుంచి చింపిన పోయిన నెల కాగితం. ఆ నంబరు మీద ఏకాదశి అని ఉంది. తర్వాత ఒక రహస్య ప్రశ్న: మీ అమ్మమ్మ పేరేమిటి? మా అమ్మమ్మ పేరు ఐలమ్మ. ఆమె పేరు ఇంగ్లీషులో ఎవరూ ఎప్పుడూ రాయలేదు. ఏతో మొదలుపెట్టాలా, ఐతో మొదలుపెట్టాలా అని ఇద్దరం కాసేపు కొట్లాడుకున్నాం. వేలిముద్రతో బతికిన మనిషి, ఇన్నాళ్లకు అమెరికావాళ్ల కంప్యూటర్‌లో చేరింది.

ఇరవై నిమిషాలు ఏమీ కొట్టకుండా వదిలేస్తే ఆ పేజీ మూసుకుపోతుంది. మాకు అది రెండుసార్లు జరిగింది. ఒకసారి కరెంటు పోయి, ఇంకోసారి ఒక ముసలాయన ఆధార్ కార్డు లామినేషన్ కోసం వచ్చి, కొడుకు పట్టించుకోని కథ మొత్తం చెప్పడం వల్ల. ఆ నంబరు, ఇంటిపేరులో మొదటి ఐదు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అమ్మమ్మ పేరు కొడితే మళ్లీ తెరుచుకుంది. ప్రతి పేజీకి సేవ్ నొక్కండి. కన్సల్టెన్సీకి ఇచ్చినా సరే, ఆ నంబరు, ఆ అమ్మమ్మ జవాబు మీ దగ్గర ఉండాలి. లేకపోతే మీ ఫారం తాళం చెవి వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఇంటిపేరు దగ్గర ఆడవాళ్లు జాగ్రత్త. నా సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు పుట్టింటి ఇంటిపేరుతో, ఆధార్ అత్తగారి ఇంటిపేరుతో ఉన్నాయి. పాస్‌పోర్టులో ఉన్నదే రాసి, ఇంకే పేర్లయినా వాడారా అన్న ప్రశ్నకు అవునని పెట్టి రెండోది రాశాం. డీఎస్-2019 కూడా పాస్‌పోర్టు పేరుతోనే ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూశాం. మీ భాషలో మీ పూర్తి పేరు రాయండి అని ఒక గడి ఉంది. అన్న తెలుగులో కొట్టాడు. తీసుకుంది. ఆ ఫారం మొత్తంలో నాకు నచ్చిన గడి అదే.

సోషల్ మీడియా అకౌంట్లు కూడా రాయాలి, అయిదేళ్లలో వాడినవన్నీ. 2025 జూన్ నుంచి ఎఫ్, ఎం, జే వీసాలకు పోయేవాళ్లు ఆ అకౌంట్లు అందరికీ కనపడేలా పెట్టాలని కూడా చెప్పారు. నా ఫేస్‌బుక్‌లో శాసనాల ఫోటోలు, బతుకమ్మ ఫోటోలు, ఒక చెరువు కబ్జా మీద నేను పెట్టిన పెద్ద కోపం పోస్టు ఉన్నాయి. తీసేయాలా అని అడిగితే మా అమ్మాయి, "నీ పేజీ చదవడానికి వాళ్లకు తెలుగు వచ్చినోళ్లు దొరకాలి కదమ్మా" అంది. తీసేయలేదు.

మూడు సాయంత్రాలు పట్టింది. ప్రింట్లు, స్కానింగ్, ఫోటోలు, లామినేషన్ కూడా కలిపి 460 రూపాయలు. కూర్చుని కొట్టినదానికి వేరే ఇవ్వబోతే తీసుకోలేదు, సంక్రాంతికి సకినాలు పంపమన్నాడు. జనవరిలో నేను ఉండను కదా, మా అత్తమ్మ పంపుతుంది.

ప్రభుత్వ ఉద్యోగులకు ఒక్క మాట. విదేశాలకు పోవడానికి శాఖ నుంచి అనుమతి కావాలి. గ్రాంటు ఉత్తరం చేతికి రాగానే ఆ ఫైలు కదిలించండి, వీసా కోసం ఆగకండి.

హైదరాబాద్ ప్రయాణం. హన్మకొండ బస్టాండులో తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఉప్పల్‌లో దిగాను. ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం కింద జీరో టికెట్టు. విమానం టికెట్టు గ్రాంటుది, బస్సు టికెట్టు సర్కారుది, నా జేబులోంచి పోయింది మెట్రో డబ్బులే. ఉప్పల్ నుంచి బ్లూ లైన్ నేరుగా హైటెక్ సిటీకి పోతుంది, మారే పని లేదు. నేను పోయినప్పుడు వీసా సెంటర్ ఆ మెట్రో స్టేషన్‌లోనే కింది అంతస్తులో ఉంది, 2023 జనవరిలో అక్కడికి మార్చారు. బయటికి రావాల్సిన అవసరమే లేదు. వరంగల్ వైపు నుంచి పోయేవాళ్లకు ఇంతకంటే సులువు ఇంకోటి ఉండదు.

అక్కడ చేసేది పాస్‌పోర్టు, డీఎస్-160 కాగితం చూడటం, పది వేళ్ల ముద్రలు, ఒక ఫోటో. నా కుడి బొటనవేలు మూడుసార్లు పెట్టించారు. సుద్దముక్కతో పాతికేళ్ల పని, గీతలు అరిగిపోయాయేమో. అక్కడి అమ్మాయి విసుక్కోలేదు, తడి టిష్యూ ఇచ్చి "మళ్లీ ఒకసారి ఆంటీ" అంది. మొత్తం 20 నిమిషాలు. నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది ఎందుకంటే, ముందు వచ్చినవాళ్లు కూర్చోవడానికి చోటు చాలదు. చంటిపిల్లతో వచ్చిన ఒకామె గోడకు ఆనుకుని నిలబడింది.

ఇంటర్వ్యూ రెండు రోజుల తర్వాత నానక్‌రామ్‌గూడలో, కాన్సులేట్‌లో. ఆ రెండు రోజులు మియాపూర్‌లో మా చెల్లెలింట్లో ఉన్నా. ఫోన్లు, బ్యాగులు లోపలికి తీసుకుపోనివ్వరు. మా చెల్లెలి కొడుకు బయట నిలబడి నా ఫోను పట్టుకున్నాడు. ఎవరూ లేనివాళ్లు ఫోను ఇంట్లోనే పెట్టి రావడం మంచిది. లోపల వరసలో అందరూ ఇరవై ఏళ్ల పిల్లలే. వెనక ఉన్న ఖమ్మం అబ్బాయి చేతిలో కాగితాలు వణుకుతున్నాయి. "పిన్ని, మీరు కూడా ఎంఎస్‌కా?" అని అడిగాడు.

కిటికీ దగ్గర ఆఫీసర్ మర్యాదగా పలకరించి, మిన్నెసోటాలో ఏం చెప్తారు అని అడిగాడు. పాతికేళ్లుగా ఇంగ్లీషులో రాసే మాటే నోటికొచ్చింది. "టాంక్స్. కాకతీయుల కాలం టాంక్స్" అన్నాను. టైపు చేస్తున్న చెయ్యి ఆగింది. "టాంక్స్?" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. మన పుస్తకాల్లో చెరువు అంటే టాంకే, హైదరాబాద్ ట్యాంక్‌బండ్ కూడా చెరువు కట్టే. అద్దం అవతల ఉన్న మనిషికి మాత్రం టాంక్ అంటే ఫిరంగి ఉండే యుద్ధ బండి. "లేక్స్ సర్, లేక్స్! సాగు నీటి కోసం కట్టినవి" అన్నా. గొంతు కాస్త పెరిగిందేమో, ఖమ్మం అబ్బాయి తలెత్తి చూశాడు.

ఆయన నవ్వాడు. మిన్నెసోటాలో పదివేల లేక్స్ ఉన్నాయి, తెలుసా అన్నాడు. తెలుసు, అక్కడి కార్ల నంబరు ప్లేట్ల మీద కూడా రాసుకుంటారని చెప్పా. "వాటిని హిమానీనదాలు తవ్వాయి సర్. మావాటికి మనుషులు కట్ట పోశారు, ఎనిమిది వందల ఏళ్లయినా వాటి కింద వరి పండుతోంది" అన్నా. రామప్ప పేరు విన్నానన్నాడు. 2021లో గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది కదా, దాని పక్కన ఉన్న చెరువు గురించే నా మొదటి పాఠం అని చెప్పాను. భర్త వస్తున్నాడా అని అడిగాడు, లేదన్నా. పాస్‌పోర్టు ఉంచుకుని డీఎస్-2019 వెనక్కి ఇచ్చి, వీసా అప్రూవ్ అయిందన్నాడు. మూడు నాలుగు నిమిషాలు. 40 లక్షలు ఎవరూ అడగలేదు. కన్సల్టెన్సీవాళ్లు బట్టీ పట్టించబోయిన జవాబుల్లో ఒక్కటీ పనికిరాలేదు.

పాస్‌పోర్టు వారంలో హైటెక్ సిటీ సెంటర్‌కే వచ్చింది. వీసా మీద కింద ఒక లైను ఉంటుంది, రెండేళ్ల రూలు వర్తిస్తుందని. అది చూసి మా అత్తమ్మ, "అంటే నువ్వు పక్కా తిరిగొస్తవన్నట్టేనా?" అని రెండుసార్లు అడిగి, ఆ పేజీని కళ్లకద్దుకుంది.

ఇప్పుడు అరస్టార్ ఎందుకు తగ్గించానో కూడా చెప్పాలి. జిరాక్స్ షాపులో కలర్ ప్రింటరు ఎరుపు రంగు ఎక్కువ పోస్తుంది, ఫోటో ప్రింట్లలో నా ముఖం కొంచెం ఎర్రబడింది, రెండుసార్లు మళ్లీ తీయించా. కుర్చీలు రెండే. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా షట్టరు సగం దించి ఉంటుంది, అన్న లోపల పడుకుంటాడు, లేపకండి. ఆదివారం సెలవు. మీ కాగితాల ఈమెయిళ్లు ఫోన్‌లో కాకుండా పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోతే తొందరగా అవుతుంది. ఇంకో సంగతి, నా ఫారం అయిన వారానికి ఒక జువాలజీ లెక్చరర్ కూడా ఇలాంటి కాగితంతోనే వచ్చాడట. అన్న ఆయనను కూర్చోబెట్టి, "ముందు రెండో గడి చూద్దాం సార్, జీ ఉందా?" అని అడిగాడట.